గ్రహణం మొర్రి

2025 సెప్టెంబరు ఆకాశం చూసేవాళ్ళకు మంచి నెల. 7న సంపూర్ణ చంద్రగ్రహణం. 21న శని సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చి రాత్రంతా కనిపించే రోజు. అదే 21న పాక్షిక సూర్యగ్రహణం కూడా, కానీ అప్పుడు మనకు రాత్రి, న్యూజిలాండ్ వాళ్ళకు ఉదయం.

నేనుండేది నందినిలో. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సున్నపురాయి తవ్విన గనుల ఊరు. పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. గ్రహణం భయం కూడా మూటలో వెంట వచ్చింది.

7వ తేదీ రాత్రి బైనాక్యులర్ పట్టుకుని మేడ మీదికి వెళ్తూ పక్కింటి అమ్మాయిని కూడా రమ్మన్నాను. ఆమెకు ఎనిమిదో నెల. అత్తగారు గుమ్మంలోనే ఆపేశారు. ఆ పిల్లకు మధ్యాహ్నం నుంచి అన్నం లేదు, నీళ్ళు లేవు. కదలకుండా పడుకోవాలట.

"మొర్రి వస్తే మీరొచ్చి చూస్తారా బాబూ?" అన్నారావిడ.

నాకు కోపం రాలేదు. తప్పు మన భాషలోనే ఉంది. చీలిన పెదవికి గ్రహణం మొర్రి అని పేరు పెట్టుకున్నాం. పేరులోనే కారణం ఇరికించాక ఇక ప్రశ్న ఎవరడుగుతారు?

కడుపులో బిడ్డ పై పెదవి 4-7 వారాల మధ్య, అంగిలి 6-9 వారాల మధ్య అతుక్కుంటాయి. అప్పుడు అతుక్కోకపోతే మొర్రి. జన్యువులు, తల్లి పొగతాగడం, కొన్ని రకాల మందులు దానికి దారితీయవచ్చు. ఎనిమిదో నెలలో గ్రహణం వచ్చి చీల్చేదేమీ ఉండదు. నిండు గర్భిణిని దాహంతో ఎండగట్టడమే అసలు ప్రమాదం.

"పంచాంగంలో టైము తప్పలేదు కదా, ఫలం మాత్రం ఎందుకు తప్పుతుంది?" అని కొందరంటారు. 9.57కి పట్టుతుందన్నారు, పట్టింది. అది లెక్క. రైలు టైము సరిగ్గా చెప్పినవాడు, ఆ రైలెక్కితే మొర్రి వస్తుందంటే నమ్ముతామా? 21 నాటి గ్రహణం మనకు కనపడదు కాబట్టి దోషం లేదని పంచాంగం వాళ్ళే చెప్పారు. మరి తలుపులు మూసిన గదిలో ఆ పిల్లకు 7న మాత్రం ఏం కనపడింది?

ఆ రాత్రి ఆమె భర్త భిలాయిలో నైట్ షిఫ్టు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్రహణం విడిచేదాకా ఆగదు. అతను టిఫిన్ డబ్బా విప్పుకుని తినే ఉంటాడు. అతనికి లేని దోషం ఆమెకే!

11 గంటల నుంచి 82 నిమిషాలు ఎర్రటి చంద్రుణ్ణి మబ్బుల మధ్య ఒక్కణ్ణే చూశాను. సిగ్గేసింది. ఈ తేదీ నాకు ఏళ్ళ ముందే తెలుసు. మనం గ్రహణం రోజున సభ పెట్టి, అందరి ముందూ ఉప్మా తిని, ఫొటోలు దిగుతాం. నెల ముందే గర్భిణి ఉన్న ఇంటికి వెళ్ళి, అత్తగారి పక్కన కూర్చుని మాట్లాడం. గుమ్మంలో నిలబడి వాదిస్తే ఎవరు వింటారు?

2028 డిసెంబరు 31 రాత్రి మళ్ళీ సంపూర్ణ చంద్రగ్రహణం, మొదలు నుంచి చివరిదాకా మనకు కనపడుతుంది. ఈసారి నేను నవంబరులోనే వెళ్తాను. మీరు?