పేర్లు పడే వేళ

మొన్న ఆదివారం మేమంతా సినిమాకి వెళ్లాం. మేమంతా అంటే నేను, మా ఆవిడ, మా అమ్మాయి, మా పాత శిష్యుడొకడు, వాళ్లమ్మగారు. సినిమా ఎలా వుందని అడగకండి. కథ నాకు బాగానే అర్థమైంది. మా ఆవిడకి నాకన్నా ముందే అర్థమైంది. మా అమ్మాయి అయితే విశ్రాంతికి ముందే చివర ఏమవుతుందో చెప్పేసింది. నేను చెప్పబోయేది సినిమా సంగతి కాదు. సినిమా అయిపోయిన తరవాత జరిగిన అయిదు నిమిషాల సంగతి.

ముందు ఆ శిష్యుడి గురించి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట మా కాలేజీలో బి.ఏ. చదివేవాడు. వెనక బెంచీ. నేను ప్రబంధం పాఠం చెబుతుంటే కిటికీలోంచి పడే ఎండ వంక చూస్తూ కూచునేవాడు. రెండో ఏడు మధ్యలో ఓ రోజు క్లాసులోనే లేచి, "మాస్టారూ, హైదరాబాదు వెళ్లిపోతున్నానండి. సినిమాల్లో పని దొరికిందండి" అన్నాడు.

"ఏం పని?" అన్నాను.

"లైట్లు మొయ్యడమండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "లైట్లు మొయ్యడానికి ప్రబంధాలెందుకురా? ముందే చెబితే ఇద్దరికీ ఆ శ్రమ తప్పేదిగా!" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ మాట నేను ఆ సాయంత్రానికే మరిచిపోయాను.

పోయిన వారం వాడు మా ఇంటికి వచ్చాడు. లైట్లు మోసి మోసి, కెమెరా సహాయకుడై, ఇప్పుడు ఫోకస్ చూసే పనిలో వున్నాడట. వాడి పేరు ఇక్కడ రాయనా అని అడిగాను. "వద్దండి మాస్టారూ, ఎవరికైనా కోపమొస్తే రేపు పనికి కబురు రాదండి" అన్నాడు. అంచేత పేరు లేనివాళ్ల గురించి రాయబోతూ నేనూ ఒక పేరు దాచవలసి వచ్చింది.

"ఫోకస్ చూడడమంటే ఏమిటోయ్?" అన్నాను. వాడు మాటలతో చెప్పలేదు. మా ఆవిడ దగ్గర కుట్టుపని టేపు, మా అమ్మాయి దగ్గర సుద్దముక్క తీసుకుని వసారాలో నేల మీద మూడు గుర్తులు పెట్టాడు. "అమ్మగారూ, మీరు కాఫీ పట్టుకుని వంటింట్లోంచి నడిచి రండి. ఈ గుర్తు మీద ఆగాలి. కాని కిందికి చూడకూడదండి" అన్నాడు. మా ఆవిడ వచ్చింది. గుర్తు దాటి జానెడు ముందుకొచ్చి ఆగింది.

"మీ మొహం మసకైపోయిందండి" అన్నాడు వాడు.

"ఇరవై ఏళ్ల కాపురంలో మీ మాస్టారు కూడా ఇంత మాట అనలేదు" అంది మా ఆవిడ.

సంగతేమిటంటే, మన కన్ను దగ్గర వస్తువు మీంచి దూరపు వస్తువు మీదికి తనంతట తనే సర్దుకుంటుంది. సినిమా కెమెరా కంటికి ఒక మనిషి సర్దిపెట్టాలి. నాయిక పదడుగుల దూరం నుంచి ఏడుస్తూ మూడడుగుల దగ్గరికి నడిచి వస్తుందనుకోండి. ఆమె అడుగు వేసిన కొద్దీ కటకం చుట్టూ వున్న చక్రాన్ని ఆ దూరానికి తగ్గట్టు తిప్పుతూ రావాలి. ముందు టేపుతో కొలుచుకుంటారు. నేల మీద గుర్తులు పెట్టుకుంటారు. ఆ తరవాత అంతా అలవాటు, ఆయువుపట్టు. ఒక్కోసారి రెండంగుళాలు అటూ ఇటూ అయినా కళ్లకు బదులు చెవులు స్పష్టంగా కనిపిస్తాయి.

"మా ఫోను దానంతట అదే సర్దుకుంటుందిగా!" అంది మా అమ్మాయి.

"ఫోనుకి ఏదో ఒక మొహం కనిపిస్తే చాలమ్మా. కెమెరా ముందు ఇద్దరున్నారనుకో, ఎవరి మొహం మీంచి ఎవరి మొహం మీదికి ఎప్పుడు వెళ్లాలి? ఆ మాట అన్నప్పుడా, ఆ మాట విన్నప్పుడా? అది కథ తెలిసినవాడు తిప్పాలి."

నేను మాట్లాడలేదు. అన్న మాట కన్న విన్న మనిషి మొహంలో కథ వుంటుందని ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ణి నేను. అది వెనక బెంచీ దాకా వెళ్లిందని నాకు తెలియదు.

"తప్పితే ఏమవుతుంది?" అన్నాను.

"మళ్లీ తియ్యాలండి. ఒక్కోసారి నటి నిజంగానే ఏడుస్తుందండి. గ్లిజరిన్ కన్నీళ్లయితే మళ్లీ వస్తాయి గాని అవి రావండి. అలాంటప్పుడు నా వేలు జారితే ఆ రోజు నాకు అన్నం సయించదండి. తప్పకుండా చేశాననుకోండి, నేనొకణ్ణి వున్నానని ఎవరికీ తెలియదండి."

ఇదే నాకు పట్టుకున్న మాట. లోకంలో చాలా పనులు బాగా చేస్తే కనపడతాయి. తెర వెనక పనులు బాగా చేస్తే కనపడవు. చెడితేనే కనపడతాయి.

ఇక మా ఆవిడా అమ్మాయీ వాణ్ణి వదల్లేదు. హీరోయిన్ వానలో తడిసి ఇంటికొచ్చే సరికి చీర అంతే తడిగా ఎలా వుంటుందని ఒకరు. సగం తాగిన పాలగ్లాసు తరవాతి ముక్కలో కూడా సగమే ఎలా వుంటుందని ఒకరు. సినిమాని కథ వరసలో తియ్యరు. పెళ్లి ఉదయం తీసి, పెళ్లిచూపులు సాయంత్రం తీస్తారు. వీధిలోంచి తలుపు తోసేది ఒక నెలలో, గదిలో అడుగుపెట్టేది ఇంకో నెలలో. అన్నాళ్ల తరవాత కూడా చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టుకున్నాడో, గాయం ఏ చెంప మీద వుందో ఒక సహాయ దర్శకుడు రాసి పెట్టుకోవాలి. ఆ చొక్కాని అదే నలుగుడుతో దాచిపెట్టేవాడు కాస్ట్యూమర్. ఆ గాయాన్ని మళ్లీ అక్కడే పెట్టేవాడు మేకప్ మనిషి. పాలు పోసేవాడు సెట్ బాయ్. ముప్పై నలభై ఏళ్లు వచ్చినా ఈ పనుల్లో మనిషి బాయ్‌గానే వుంటాడు.

క్లాప్ కొట్టే పలక మనందరం చూసిందే. అది ఆర్భాటానికి అనుకునేవాణ్ణి. బొమ్మ ఒక యంత్రంలోనూ, శబ్దం ఇంకో యంత్రంలోనూ ఎక్కుతాయి గనక, రెండింటినీ తరవాత కలపడానికి ఒక గుర్తు కావాలి. పలక మూసుకున్న బొమ్మనీ, 'టక్' మన్న చప్పుడినీ ఒకచోట పెడితే మిగతాదంతా సరిపోతుంది. సరిపోకపోతే మాట ముందూ పెదవి వెనకా అవుతుంది. ఆ మాట కూడా చాలాసార్లు ఆ పెదవిది కాదు. చీకటి గదిలో నిలబడి, తెరమీది పెదవి చూస్తూ ఇంకొకరు చెప్పింది. అడుగుల చప్పుడూ, చీర గరగరా ఆ రోజు వినపడినవి కావు. వేరే గదిలో ఒకరు చెప్పులు తొడుక్కుని నడిచి, గుడ్డ నలిపి తయారుచేస్తారు. అమెరికాలో జాక్ ఫోలీ అనే ఆయన మొదట్లో ఈ పనిలో ఆరితేరాడు గనక ఆ పనికే ఫోలీ అని పేరు వచ్చింది. పని వెనక మనిషి పేరు నిలిచిపోవడం ఇక్కడొక్కచోటే చూశాను.

తెలుగు మాస్టర్ని గనక ఒక మాట చెప్పకుండా వుండలేను. నేపథ్య గాయకుడంటాం, నేపథ్య సంగీతమంటాం. సంస్కృత నాటకంలో నేపథ్యమంటే తెర వెనక వేషాలు వేసుకునే చోటు. ఆ వేషానికీ అదే పేరు. భరతుడు నాట్యశాస్త్రంలో ఆహార్యాభినయాన్ని నేపథ్యవిధి అనే చెప్పి, దాన్ని నాలుగు రకాలు చేశాడు: పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం. పుస్తమంటే మనం చదివే పుస్తకం కాదు. చాపలూ, తోలూ, గుడ్డలూ పెట్టి కొండలూ రథాలూ విమానాలూ తయారుచెయ్యడం. ఇవాళ్టి ఆర్టు డిపార్టుమెంటు. ఒంటికి రంగులు వెయ్యడం అంగరచన. రంగం మీదికి జంతువుల్ని తీసుకురావడం సజీవం. అంతటితో ఆగలేదు. నాటక బృందంలో ఎవరెవరుంటారో చెబుతూ, కిరీటాలు చేసేవాణ్ణీ, నగలు చేసేవాణ్ణీ, మాలలు కట్టేవాణ్ణీ, బట్టలకు రంగులద్దేవాణ్ణీ కూడా లెక్కలో వేశాడు. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి పుస్తకంలో మాలలు కట్టేవాడికి చోటు దొరికింది!

మన సినిమా వాళ్లూ ఒక లెక్క చెబుతారు. 24 క్రాఫ్టులంటారు. తెర మీద క్షణానికి కదిలే బొమ్మలూ 24 కావడం కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం ఒక్కో బొమ్మా ఒక్కో శాఖ మోస్తున్నట్టు తోచింది.

1957లో వచ్చిన 'మాయాబజార్' మనలో ఎవరు చూడలేదు? 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేస్తే నేనూ వెళ్లాను. రంగారావుగారు భోజనం చేసిన తీరు పసిపిల్లలు కూడా చెబుతారు. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లేగారిదనీ, కళాదర్శకులు గోఖలేగారూ కళాధర్‌గారూ అనీ కాస్త తెలిసినవాళ్లు చెబుతారు. ఆ కొండంత విందు వడ్డించి పెట్టిన చేతులెవరివో, దీపాల వేడిలో పరంజాల మీద గంటల తరబడి కూచున్నదెవరో ఎవరు చెబుతారు?

ఇదంతా పేరు కోసం బెంగ అనుకుంటే పొరపాటు. తెల్లవారకముందే కృష్ణానగర్ వీధుల్లో నిలబడి, బండి ఎక్కితేనే ఆ రోజు బేటా. ఎక్కకపోతే లేదు. 2025 ఆగస్టులో కార్మికులు కూలి 30 శాతం పెంచమని రెండు వారాలకు పైగా పని ఆపితే గాని, మనలో చాలామందికి వాళ్లు రోజుకూలీలని తెలియలేదు. అడిగినదానికి తక్కువగా, విడతల మీద పెంచేట్టు రాజీ కుదిరింది. 2020 ఫిబ్రవరిలో చెన్నై దగ్గర ఒక చిత్రీకరణలో దీపాలు పెట్టిన క్రేను కూలి ముగ్గురు చనిపోయారు. ముగ్గురూ తెర వెనకవాళ్లే. అమెరికాలో 1929 నుంచి ఆస్కార్ బహుమతులిస్తున్నారు గాని, ప్రాణాలకు తెగించి గుర్రాల మీంచి పడే స్టంటు వాళ్ల పనికి విడిగా బహుమతి వుంటుందని 2025లోగాని ప్రకటించలేదు. అదీ 2027 సినిమాల నుంచి.

ఇక ఆ అయిదు నిమిషాలు. వాళ్లమ్మగారు పల్లెటూరి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. కొడుకు పనిచేసిన సినిమా మన ఊళ్లో ఆడుతోంది గనక, వాడి పేరు తెరమీద చూడాలని. పాత సినిమాల్లో పేర్లు ముందే వేసేవారు. అవి పూర్తయితేగాని కథ మొదలయ్యేది కాదు గనక జనం చూసేవారు. ఇప్పుడు పెద్దవాళ్లవి నాలుగు ముందు వేసి, మిగతావన్నీ చివర వేస్తున్నారు.

కథ అయిపోయింది. పేర్లు మొదలయ్యాయి. హాలు తలుపులు తెరిచారు. జనం లేచారు. నిజం చెబుతున్నాను, నేనూ లేచాను. కుర్చీ కింద చెప్పులు కాలితో వెతుక్కుంటున్నాను.

"మాస్టారూ, కాస్త కూచుంటారా?" అన్నాడు వాడు.

సిగ్గుపడి కూచున్నాను. పేర్లు చీమల బారులా పైకి పోతున్నాయి. తెలుగు సినిమా, తెలుగు మనుషులు, పేర్లు మాత్రం అన్నీ ఇంగ్లీషులో. వాళ్లమ్మగారికి తెలుగే కూడబలుక్కుంటే గాని రాదు. "వచ్చినప్పుడు చెప్పరా" అంటూ కళ్లజోడు సవరించుకుంది. కెమెరా శాఖ వచ్చింది. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఒక పెద్దమనిషి నిలబడి, ఎవరితోనో ఫోనులో రాత్రి భోజనానికి ఏం కూర వండారని అడుగుతున్నాడు.

"ఏదిరా?"

"పడిందమ్మా."

"పడిందా? నువ్వు చూశావా?"

"చూశానమ్మా."

"సరే, అయితే" అని ఆమె సంచీ తీసుకుంది.

బయటికి వస్తూ వాడు నాతో, "మీరు ఆ రోజు అన్నారు చూడండి, లైట్లు మొయ్యడానికి ప్రబంధాలెందుకని, అది మా వాళ్లందరికీ చెప్పానండి. ఎప్పుడు బరువు మోసినా ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటామండి" అన్నాడు. వాడు నిష్ఠూరంగా అనలేదు. అంటే బాగుండేది.

నేను రోజూ హాజరుపట్టీ తీసి అరవై పేర్లు పిలుస్తాను. ఒక్కో పేరుకీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. అలాంటివాణ్ణి, ఇన్నేళ్లుగా సినిమా హాల్లో పేర్లు పిలుస్తుంటే చెప్పులు వెతుక్కుంటున్నాను.

మా ఆవిడ నాకన్నా తొందరగా అర్థం చేసుకుంటుందని ముందే మనవి చేశాను. ఇంటికి రాగానే వాళ్లమ్మగారితో, "వదినగారూ, మీరు ఇంకో రెండు రోజులుండాలి. బుధవారం మళ్లీ వెళ్దాం" అంది. టిక్కెట్లు నేనే కొన్నాను. ఈసారి అన్నిటికన్నా ముందు వరసలో. మెడ నొప్పి పుడుతుందని కౌంటరులో కుర్రాడు హెచ్చరించాడు.

పుట్టనివ్వండి. మా ముందు నిలబడడానికి ఇంకెవరూ వుండరుగా!