పొగ పుట్టిన చోటు

 

గడచిన మార్చిలో ఒకనాడు ఫజ్ర్ నమాజు అనంతరం పాఠానికి కూర్చున్న పదేళ్ల బాలుడొకడు ఆగకుండా దగ్గసాగాడు. ఆ పిల్లవాడికి ఉబ్బసం. బయట పాతబస్తీ ఇళ్లపై బూడిద రంగు పొర కమ్ముకుని ఉంది. అతని తల్లి ఆందోళనతో వచ్చి అడిగితే, "నల్లమల అడవులు కాలుతున్నాయమ్మా! ఆ పొగ ఇక్కడిదాకా వచ్చింది. మన చేతుల్లో ఏముంది?" అన్నాను.

నా ఊహ అసంభవమైనది కాదు. ఎండుటాకులు రాలే ఫిబ్రవరి నుండి మే వరకు నల్లమలలో మంటలు రేగుతుంటాయి. పొగకు సరిహద్దులూ లేవు. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ న్యూయార్క్ ఆకాశాన్ని నారింజ రంగుకు మార్చి, అట్లాంటిక్ దాటి ఐరోపాకు చేరింది.

ఆ సాయంత్రం నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చాడు. ఉపగ్రహ చిత్రాల అధ్యయనం అతని చదువు. "ఉస్తాద్‌జీ! ముందు తహ్ఖీఖ్ చేద్దాం" అన్నాడు. తరగతిలో నేను నేర్పిన మాటే అది!

అతడు ఇలా వివరించాడు: ఉపగ్రహం మంటను వేడినిబట్టి రాత్రివేళ కూడా గుర్తిస్తుంది. పొగను పగటి వెలుగులో పలుచని తెరగా చూస్తుంది. 2011లో ఎగిరిన సువోమీ ఎన్‌పీపీ వంటివి భూమిని చుట్టివస్తూ మంటల చోటు చెబుతాయి. మన ఇన్సాట్-3డి శ్రేణి ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, అరగంటకొక చిత్రం తీస్తాయి. ఆ చిత్రాలను వరుసగా పేర్చి, గాలి దిశతో పోల్చితే పొగ నడక తెలుస్తుంది. మన నగరంలోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఇటువంటి సమాచారంతోనే అడవి మంటలను కనిపెడుతుంది.

ఆనాటి చిత్రంలో నల్లమలపై కొన్ని మంట చుక్కలున్నాయి. కాని వాటి పొగ పడమరకు సాగింది. మన వైపు రాలేదు.

"పైన కనిపించే పొగంతా మనం పీల్చేది కాదు. నేలమీది గాలి సంగతి నేలమీది యంత్రమే చెప్పాలి" అంటూ అతడు జూపార్కులోని కాలుష్య కొలమాన కేంద్రం అంకెలు చూపాడు. తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ. వేకువన చల్లని గాలి కదలక, పొగను నేలకే అదిమి ఉంచుతుందట.

"మరి ఈ పొగ ఎక్కడిది?" అన్నాను.

అతడు మాట్లాడలేదు. కిటికీలో నుండి మా ప్రహరీ వెనుకనున్న బూడిద కుప్ప వైపు చూశాడు. రాలిన ఆకులు, ప్లాస్టిక్ సంచులు ప్రతి వేకువా అక్కడే కాలుతాయి. కాల్చమన్నది నేనే. ఆ ఉపగ్రహ చిత్రంలో ఒక్క చుక్క 375 మీటర్ల మేర నేలకు సమానం. మా కుప్ప దానికేమి కనిపిస్తుంది? పిల్లవాడి ఊపిరికి మాత్రం తెలిసింది.

మరునాటి నుండి ఆకులు గుంతలోకి, ప్లాస్టిక్ చెత్త ఆటోలోకి వెళ్తున్నాయి. ఆ తల్లి ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. బాలుడి ఉబ్బసం పోలేదు. కాని పాఠం మధ్యలో మునుపటిలా దగ్గు రావడం లేదు.

దూరపు అడవిని నిందించడం సులువు. రేపు వేకువన మీ ప్రహరీ వెనుక కూడా ఒకసారి చూడండి.