చిన్న నాటకశాలను పడగొట్టవద్దు

పాత నాటకశాల చిన్నదయిందనీ, దాన్ని తీసేసి కల్యాణ మండపం కడితే అద్దెలైనా వస్తాయనీ మన పట్టణాల్లో తరచు వినిపించే మాట. చిన్నది కావడం నాటకశాలకు నిజంగా లోపమేనా అన్నది పెద్దలు ఒకసారి యోచించాలి.

ఇంగ్లండు తూర్పు తీరాన ఆల్డ్‌బరో అనే చిన్న ఊరుంది. చేపల వేట మీద బతికిన ఊరు. విక్టోరియా రాణి పాలనకు 50 ఏళ్ళు నిండిన 1887లో అక్కడ జూబిలీ హాలు కట్టారు. మూడు వందల మంది కూర్చుంటే నిండిపోతుంది. ఆ ఊళ్ళోనే కాపురమున్న సంగీత రచయిత బెంజమిన్ బ్రిటెన్ మిత్రులతో కలిసి 1948లో సంగీతోత్సవం ప్రారంభించి, ఆ హాల్లోనే ఆపెరాలు ఆడించాడు. ఆపెరా మన పద్యనాటకం వంటిదే గాని, అందులో మాటలు కూడా చాలావరకు పాటగానే సాగుతాయి. పెద్ద నగరాల్లో దానికి డెబ్బై ఎనభై మంది వాద్యగాళ్ళుంటారు. బ్రిటెన్ కొన్ని ఆపెరాలను పదముగ్గురికి మించకుండా రాశాడు. ఇది డబ్బు లేక చేసిన సర్దుబాటు మాత్రమే కాదు. వాద్యాల హోరు తగ్గితే గాయకుడు అరవనక్కరలేదు. మాట తెలుస్తుంది. ముఖంలో మార్పు చివరి వరుసకూ కనబడుతుంది.

మొదటి ఏడు ఆడిన 'ఆల్బర్ట్ హెర్రింగ్' పల్లెటూరి కథే. మే పండుగకు రాణిగా నిలబెట్టదగిన గుణవంతురాలు ఊళ్ళో ఒక్కతీ దొరకలేదని పెద్దలు కూరగాయల కొట్టు కుర్రవాణ్ణి రాజును చేస్తారు. వాడి నిమ్మరసంలో రమ్ము కలుస్తుంది. తరువాతి సంగతి పాఠకులు ఊహించుకోవచ్చు! 1949లో పిల్లల కోసం ఆడినదానిలో నాలుగు పాటలు ప్రేక్షకులే పాడాలి. వేలమంది హాలులో అది సాగే పనేనా?

1960లో కొత్త ఆపెరా కోసం వేదికను బాగుచేసుకున్నారే తప్ప హాలును కూల్చలేదు. 1967లో సమీపాన స్నేప్‌లో పెద్ద హాలు వచ్చినా చిన్నది పోలేదు.

మన పద్యనాటకానికీ ఈ లెక్క వర్తిస్తుంది. రాయబారంలో కృష్ణుడు దుర్యోధనుడితో మాట్లాడాలి; మైదానంలో మాత్రం మైకుతో మాట్లాడతాడు. పద్యం చివర అంతంత రాగం తీయడం దూరాన ఉన్నవారి ఈలల కోసమే. (వన్స్‌మోర్ అని అరిచే మన అభిరుచికీ ఇందులో వాటా ఉంది.)

మూడు వందల టిక్కెట్లతో ఖర్చులు రావన్నది నిజమే. జూబిలీ హాలు కూడా నాటకాలకే కట్టింది కాదు, ఊరందరి హాలు. మన హాళ్ళలోనూ మిగిలిన రోజుల్లో సభలు, బడిపిల్లల వార్షికోత్సవాలు జరుపుకోవచ్చు. ముందుగా పైకప్పు కారకుండా, ఫ్యాన్లు చప్పుడు చేయకుండా చూడాలి. నెలకొక రాత్రి మైకు లేకుండా ఒక్క అంకమైనా ఆడించాలి. పల్లెల నుంచి వచ్చినవారికి ఆఖరి బస్సు అందేలా ముగించాలి.