షాఫ్టు కోసినవారు తొడుగును పారవేయరాదు



క్రొత్త రోటవేటరును ఇంటికి తెచ్చి ట్రాక్టరుకు తగిలించునప్పుడు, దానిని త్రిప్పు పి.టి.ఓ. షాఫ్టు పొడవు ఎక్కువగుట తరచు చూచుచున్నాము. ఈ షాఫ్టులో రెండు ఇనుప గొట్టములు ఒకదానిలో నొకటి జొరబడి యుండును. పనిముట్టును లేపినను, దించినను నడుమ దూరము మారును గనుక గొట్టములు లోనికిని బయటికిని జరుగవలెను. జరుగుటకు చోటు చాలనిచో గొట్టము కొస తాకి, ట్రాక్టరు బేరింగులను, రోటవేటరు గేరు పెట్టెను నెట్టి పాడుచేయును. కావున షాఫ్టును కోయుట తప్పు కాదు, అవసరమైనచో కోయవలసినదే.

తప్పు దాని తరువాత జరుగుచున్నది. ఇనుము కురుచ కాగానే పైనున్న ప్లాస్టిక్ తొడుగు పొడవై అడ్డు వచ్చును. దానిని కూడ కోయుటకు ఓపిక లేక ఊడదీసి కొట్టములో పడవేయుదురు.

నా తప్పు కూడ చెప్పుకొందును. ఉద్యోగములో చేరిన క్రొత్తలో సబ్సిడీపై వచ్చిన ఒక రోటవేటరును తనిఖీ చేసితిని. నంబరు సరిచూచి, ఫోటో తీసి, సంతకము పెట్టితిని. తొడుగు లేకపోవుట కంటికి కనబడినను నోరు విప్పనైతిని. దుక్కుల రోజులలో ఆ షాఫ్టు ప్రక్కన వంగిన కూలి మనిషి మెడలోని తువ్వాలు చుట్టుకొన్నది. పాత తువ్వాలు గనుక చినిగినది. మెడపై వాత మిగిలి ప్రాణము దక్కినది. క్రొత్తదయిన నేనేమి సమాధానము చెప్పగలను?

లెక్క వేసి చూడుడు. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. 2 అంగుళముల లావు గల గొట్టము చుట్టుకొలత 6 అంగుళములకు పైమాటే. ఒక్క సెకనులో నాలుగున్నర అడుగుల గుడ్డను అది లాగుకొనును. కేక వేయుటకైనను వ్యవధి యుండదు.

కోయు పద్ధతి కష్టమైనది కాదు. ఇంజను ఆపి తాళపుచెవి తీయవలెను. లేపిన పనిముట్టు క్రింద గట్టి దిమ్మలు పెట్టవలెను. షాఫ్టు రెండు సగములను విడదీసి, ఒకటి ట్రాక్టరుకు, ఒకటి రోటవేటరుకు తగిలించి, నడుమ దూరము అతి తక్కువగా నున్న స్థితిలో ప్రక్కప్రక్కన పట్టి గుర్తు పెట్టవలెను. కొసకు కనీసము ఒక అంగుళము ఖాళీ విడువవలెను. కంపెనీ పుస్తకములో వేరు కొలత యున్నచో అదియే ప్రమాణము. లోపలి గొట్టము, వెలుపలి గొట్టము, వాటి తొడుగులు రెండు, ఈ నాలుగింటిని సమానముగా కోయవలెను. అంచులను ఆకురాయితో నునుపు చేసి, రజను తుడిచి, గ్రీజు రాయవలెను. దూరము అతి ఎక్కువగా నున్నప్పుడు కూడ గొట్టములు మూడవ వంతుకు తగ్గకుండ ఒకదానిలో నొకటి యుండవలెను. పొరపాటున మిక్కిలి కురుచ చేసినచో వెల్డింగుతో అతుకరాదు. సరియైన షాఫ్టునే కొనవలెను. చివరగా తొడుగు తిరుగకుండ దాని గొలుసులను బిగించుట మరువరాదు.

గ్రామోద్యోగులకు, నా తోటి అధికారులకు ఒక్క మనవి. యంత్రము నంబరుతో పాటు తొడుగును కూడ చూచి సంతకము చేయుడు. షాఫ్టు కోసిన రంపము చేతిలో నుండగానే తొడుగు కోయుట పది నిమిషముల పని. ఆ పది నిమిషములు మిగుల్చుకొన్న రైతు ఏమి బాగుపడినాడో నేనింతవరకు చూడలేదు.