ఇదిగో, ఇప్పుడే

మా హాడోలోని తెలుగువారు కొందరు ఒక ఉగాదికి నాటిక ఆడదలచి, ఇంగ్లీషు నుండి ఏదైనా హాస్యరచనను తెలుగు చేసి ఇవ్వవలసిందని నన్ను కోరారు. షరతులు రెండే: రంగం మారరాదు, ఖర్చు కారాదు. ఆ షరతులకు సరిగా అతికే టెలివిజన్ కథ ఒకటి నాకు వెంటనే స్ఫురించింది.

అమెరికాలో ధారావాహికల నిర్మాతలు కొత్త రంగాల ఖర్చు తప్పించుకోవడానికి అప్పుడప్పుడు ఒక భాగమంతా ఒకే చోట నడిపిస్తారు. దానిని ‘బాటిల్ ఎపిసోడ్’ అంటారు. సీసాలో బిగించిన బొమ్మ ఓడ గుర్తుకు వచ్చే ఈ పేరు, ఓడల రేవు పక్కన బతికే మాకు ఇట్టే నచ్చింది. మన తెలుగులో 2001 నుండి 2007 వరకు జెమినీ టీవీలో నడిచిన ‘అమృతం’ కూడా అమృత విలాస్ అనే హోటలును, ఒక అద్దె ఇంటిని పట్టుకుని ఆరేళ్ళు నవ్వించింది. నేను ఎన్నుకున్నది మాత్రం ‘సైన్‌ఫెల్డ్’ ధారావాహికలో 1991 మే 23న ప్రసారమైన ‘ద చైనీస్ రెస్టారెంట్’. రచయితలు లారీ డేవిడ్, జెర్రీ సైన్‌ఫెల్డ్.

కథ అనదగినది ఏమీ లేదు. సినిమాకు వెళ్ళవలసిన ముగ్గురు స్నేహితులు, జెర్రీ, జార్జ్, ఇలైన్, ముందుగా భోజనానికి వస్తారు. కూర్చోవడానికి చోటు ఎప్పుడు దొరుకుతుందంటే, అయిదు పది నిమిషాలంటాడు హోటలు మనిషి. ఎప్పుడడిగినా అదే మాట. వెనుక వచ్చినవారు ముందు లోపలికి పోతుంటారు. ఆకలికి తాళలేని ఇలైన్, అపరిచితుల పళ్ళెంలోని తినుబండారం ఎత్తుకుతినడానికి యాభై డాలర్ల పందెం కాస్తుంది. ప్రసారసంస్థ అధికారులకు ఇందులో కథే కనిపించలేదట. స్థలైక్యం అరిస్టాటిల్ పెట్టిన నియమమని మేము కళాశాలలో వల్లించాము. నిజానికి దానిని శాసనం చేసినవాడు 1570లో ఇటలీ వ్యాఖ్యాత కాస్టెల్వెత్రో. అధికారులు ఆయనను చదివి ఉంటే కొంత ఊరట కలిగేదేమో!

అనువాదంలో మొదటి చిక్కు ఆ ‘అయిదు పది నిమిషాలు’. తెలుగులో అది లెక్కలాగే వినబడుతుంది, వంచనలాగా వినబడదు. మూడు రోజులు తర్జనభర్జన పడి ‘ఇదిగో, ఇప్పుడే’ అని వ్రాశాను. రేవులో ఓడ కోసం మూటల మీద కూర్చున్న ప్రతివారూ ఎరిగిన మాట అది. ఆ మాట మీద నమ్మకం ఉన్నంతసేపూ మనిషి కదలడు. ఆ ముగ్గురినీ ఎవరూ బంధించలేదు, తలుపు తెరిచే ఉన్నది. ఆశ తెంచుకుని వారు బయటికి నడిచిన మరుక్షణమే హోటలు మనిషి వారి పేరు పిలుస్తాడు.

రెండవ చిక్కు జార్జ్ ఫోను. అతని ఇంటిపేరు కోస్టాంజా. ప్రియురాలి నుండి ఫోను వస్తుందని కాచుకుని ఉంటాడు. ఫోను వస్తుంది. హోటలు మనిషి మాత్రం ‘కార్ట్‌రైట్’ అని కేకవేసి, ఎవరూ పలుకలేదని పెట్టేస్తాడు. ఈ రెండు పేర్లకు తెలుగులో జత వెదకవలసిన పని నాకు లేకపోయింది.

1994లో మా వీధి దుకాణంలో ఒక ఫోను ఉండేది. చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ అదే పీపీ నంబరు. శ్రీకాకుళం దగ్గర మా ఊరిలో నాయనమ్మకు జబ్బుగా ఉన్నది. ఆదివారం సాయంత్రం చిన్నాన్న ఫోను చేస్తానన్నాడు. నాన్న, నేను దుకాణం బల్ల మీద కూర్చున్నాము. కుర్రవాడిని అడిగినప్పుడల్లా ‘వచ్చేస్తుంది’ అనేవాడు. చివరకు ఫోను మ్రోగింది. వాడు ఎత్తి, “అప్పలస్వామీ!” అని రెండుసార్లు అరిచాడు. నాన్న పేరు అప్పలనాయుడు. అప్పలస్వామి మా ఎదురింటివాడు. పరుల ఫోను ముట్టడం నాన్నకు మర్యాదగా తోచలేదు. పైగా, “ఇప్పుడే అటు వెళ్ళాడు, లేడని చెప్పు” అని సాయం కూడా చేశాడు. చీకటి పడేదాకా కూర్చుని ఇంటికి వచ్చాము. టెలిగ్రాము రెండు రోజులకు వచ్చింది.

నాటికలో కోస్టాంజాను అప్పలనాయుడుగాను, కార్ట్‌రైట్‌ను అప్పలస్వామిగాను మార్చాను. అడగకుండా అలా చేయడం తప్పేమోనని, ప్రతిని ముందుగా నాన్నకే ఇచ్చాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. అద్దాలు పెట్టుకుని పళ్ళెం పందెం దగ్గర గట్టిగా నవ్వారు. ఫోను ఘట్టం దగ్గర నవ్వు ఆగింది. కాగితాలు మడిచి నా చేతికిచ్చి, కొంతసేపటికి, “మరింక ఫోను సెయ్‌నేదేట్రా ఆ పిల్ల?” అన్నారు.

ఆ భాగంలో చేయలేదు. ఉన్న మాటే చెప్పాను.

“అయితే పేరు అలాగే ఉండనీ” అన్నారు.