పరిశోధన పద్ధతి చేత్తో నేర్చేది

సంపాదకులకు,

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో పరిశోధన పద్ధతులను ఇంకో థియరీ పేపరుగా పెట్టాలన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. పద్ధతి చేత్తో చేస్తేనే వస్తుంది. ఉదాహరణకు, మా చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివారు రాగి మీద బంగారు పూత వేస్తారు. ఆ పూత మందమెంత? చెమటకు రంగెందుకు మారుతుంది? నగలు కడిగిన నీటిలో రాగి ఎంత? ఈ చివరి ప్రశ్న ఒక్కటే చాలు, నమూనా సేకరణ, బ్లాంక్ పరీక్ష, క్యాలిబ్రేషన్, ఒకే కొలతను మళ్లీ మళ్లీ తీసి దోషాన్ని అంచనా వేయడం అన్నీ నేర్పడానికి. బ్లాంక్ తీయని విద్యార్థి తన గాజుసామానులో మిగిలిన రాగిని కూడా ఆ నీటి లెక్కలోనే వేస్తాడు. పెడన కలంకారీలో కరక్కాయ, పటిక పట్టించాకే ఎరుపు ఎందుకు నిలుస్తుందన్నదీ ఇలాంటి ప్రశ్నే. 2008లో ఏర్పడ్డ కృష్ణా విశ్వవిద్యాలయం మచిలీపట్నంలోనే ఉంది. అక్కడి చివరి సెమిస్టర్ ప్రాజెక్టులు ఈ పనివారి దగ్గర మొదలుపెట్టించి, ఫలితాలను వారికి తెలుగులో అందించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, చిలకలపూడి, మచిలీపట్నం