మోత ఆపమంటారు, ఇంజన్ ఆపమనరు

డీజిల్ ఇంజన్ మీద బజర్ మోగితే మా షెడ్డుకు ఫోన్ వస్తుంది. అవతలివాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, ఈ మోత ఎట్ల బంద్ జెయ్యాలె?" ఎందుకు మోగుతున్నదని అడిగేవాళ్లు అరుదు. ఆలేరులో వరంగల్ రోడ్డు పక్కన ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, జనరేటర్లు బాగుచేసుకుంటూ బతికేవాణ్ని నేను. మా బావమరిది నాగార్జునసాగర్‌లో లాంచీల మీద పనిచేస్తాడు కాబట్టి, పిలిచినప్పుడల్లా పోయి నీళ్ల మీద తిరిగే ఇంజన్లు కూడా చూసొస్తుంటాను. మడిలో నడిచినా, కృష్ణలో నడిచినా డీజిల్ ఇంజన్ గుణం ఒకటే. ఓనర్ల మాటా ఒకటే. కాకపోతే మడిలో ఇంజన్ పట్టేస్తే ఓనర్ జేబుకు చిల్లు పడుతుంది. నీళ్ల మీద పట్టేస్తే టికెట్ కొని ఎక్కినవాళ్ల ప్రాణం మీదికొస్తుంది.

బోటు ఇంజన్ బజర్ మామూలుగా మూడింటికి మోగుతుంది: ఆయిల్ ప్రెషర్ పడిపోతే, ఇంజన్ వేడెక్కితే, బ్యాటరీకి చార్జింగ్ అందకపోతే. తాళం తిప్పాక, సెల్ఫ్ కొట్టకముందు అది మోగాలి. అప్పటికి ఆయిల్ పంపు తిరగదు, ప్రెషర్ ఉండదు. ఇంజన్ అందుకున్న కొన్ని సెకన్లలో మోత ఆగాలి. తాళం తిప్పినా చప్పుడు లేదంటే సంతోషపడాల్సిన పని లేదు. బజర్ చెడిపోయి ఉండాలి, లేకపోతే ఎవరో తీగ కోసేసి ఉండాలి. నా లెక్కన మోగే బజర్ కంటే మోగని బజరే పెద్ద ప్రమాదం.

మూడు మోతలకు మందు ఒకటి కాదు. ఆయిల్ ప్రెషర్ మోతకు ఇంజన్ ఆపడమే దారి. క్రాంక్‌కూ బేరింగ్‌కూ మధ్య ఆయిల్ పొర తెగిపోయాక ఇనుమును ఇనుము తినేయడానికి ఎంతోసేపు పట్టదు. వేడి మోతకు ముందు రేజ్ తగ్గించాలి, వెనక్కి తొంగిచూడాలి. బయటి నీళ్లు లాక్కుని చల్లబడే ఇంజన్లలో చాలావాటికి పొగతో పాటు నీళ్లు కూడా బయటికి పడుతుంటాయి. అవి ఆగాయంటే, లోపలికొచ్చే దారిలో ఉన్న జల్లెడకు నాచో ప్లాస్టిక్ సంచో అడ్డుపడి ఉంటుంది. అదీ కాకపోతే పంపులోని రబ్బరు రెక్కల చక్రం, మేం ఇంపెల్లర్ అంటాం, విరిగి ఉంటుంది. విరిగిన రెక్కలు మాయమైపోవు, ముందుకు కొట్టుకుపోయి హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల మూతిలో ఇరుక్కుంటాయి. ఆ ముక్కలు ఏరకుండా కొత్త ఇంపెల్లర్ బిగించి పంపితే అదే బోటు అదే మోతతో తిరిగొస్తుంది.

చార్జింగ్ మోతకు బెల్టు చూడాలి. పాత డీజిల్ ఇంజన్ ఒకసారి అందుకున్నాక కరెంటు లేకపోయినా నడుస్తుంది, ఒడ్డుకు చేరవచ్చు. అయితే అదే బెల్టు నీళ్ల పంపును కూడా తిప్పుతుంటే చార్జింగ్ మోత వెనకాలే వేడి మోత వస్తుంది. కంప్యూటర్‌తో నడిచే కొత్త ఇంజన్లకైతే బ్యాటరీ దిగితే ఇంజనే ఆగుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. వేడి చూపే ముల్లు దానంతటదే దిగిందని సంబరపడే వాళ్లుంటారు. లోపలి నీళ్లన్నీ కారిపోయి స్విచ్ మూతికి నీళ్లు తగలకపోతే ముల్లు దిగవచ్చు, బజరూ ఊరుకోవచ్చు. ఇంజన్ మాత్రం లోపల కాలుతూనే ఉంటుంది.

ఓనర్ల మాటలోనూ కొంత నిజముంది. దొంగ మోతలుంటాయి. తేమకు కనెక్షన్లు చిలుము పడతాయి, ఇంజన్ అదురుకు తీగలు ఒరుసుకుంటాయి. సాగర్‌లో ఒక లాంచీకి బజర్ ఉన్నట్టుండి మోగేది, ఆగేది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ మార్చారు, మోత పోలేదు. ఇంకోటి తెచ్చి బిగించారు, పోలేదు. "తీగ పీకి పారెయ్యన్నా, ప్యాసింజర్లు భయపడుతున్నరు" అన్నాడు ఓనర్. నేను స్విచ్ విప్పి, ఆ బెజ్జంలో ముల్లు గేజ్ బిగించి ఇంజన్ నడిపించాను. బాగా వేడెక్కేదాకా ఆగి, రేజ్ తగ్గించి కూడా చూశాను. అరిగిన ఇంజన్ అయితే ఆ వేడిలో, ఆ తక్కువ రేజ్‌లో బయటపడుతుంది. ప్రెషర్ నిక్షేపంగా ఉంది. స్విచ్‌కు పోయే తీగ గాల్లో వేలాడుతున్నది, అయినా బజర్ మధ్య మధ్య కూస్తూనే ఉంది. అంటే తప్పు స్విచ్‌దీ కాదు, ఆయిల్‌దీ కాదు. తీగ ఎక్కడో ఇనుముకు తగిలి ఎర్త్ అవుతున్నది. స్విచ్ దగ్గర్నుంచి మీటర్ బోర్డు వైపు వేలితో తడుముకుంటూ పోతే ఆల్టర్నేటర్ బ్రాకెట్ వెనక, కంటికి ఆనని చోట, తొడుగు ఒరిసిపోయి రాగి మెరుస్తున్నది. జానెడు తీగ, దాని మీద స్లీవ్, కదలకుండా రెండు క్లిప్పులు. అంతే పని.

"జానెడు వైరుకు గింత కూలా?" అన్నాడు ఓనర్.

అసలు జబ్బు ఇక్కడుంది. మనవాళ్లు సామానుకు పైసలిస్తారు, వెతుకులాటకు ఇవ్వరు. అందుకే మెకానిక్ కూడా వెతకడు. స్విచ్ మీద స్విచ్ మారుస్తాడు, చివరికి కటింగ్ ప్లయర్ తీస్తాడు. వెతకడానికి సగం రోజు పోతుంది, కోయడానికి రెండు సెకన్లు చాలు. రెండింటికీ కూలి ఒకటే అయినప్పుడు ఎవరైనా ఏ పని చేస్తారు?

తీగ కోయించేది దొంగ మోతలొక్కటే కాదు. మా దగ్గర యాసంగి కోతలప్పుడు మిషన్లు రాత్రింబగళ్లు నడుస్తాయి. పొట్టు పోయి రేడియేటర్ జాలీకి అట్టకడుతుంది, ఇంజన్ వేడెక్కి బజర్ మోగుతుంది. డ్రైవర్ దిగి జాలీ దులపాలంటే పావుగంట. మిషన్ కిరాయి గంటల లెక్కన కాబట్టి గట్టు మీద రైతు, ఫోన్‌లో ఓనర్ ఇద్దరూ అతని మీదే అరుస్తారు. నాలుగుసార్లు తిట్లు తిన్నవాడు ఐదోసారి ఆపడు. హెడ్ గ్యాస్కెట్ పోయి, ఇంజన్ బోరుకొచ్చి మా షెడ్డుకు చేరినప్పుడు "డ్రైవర్ చూసుకోలేదు" అంటాడు అదే ఓనర్.

లాంచీ సరంగుదీ ఇదే బతుకు. డెక్కు మీద జనం ఫొటోలు దిగుతుంటారు, ఒడ్డున తర్వాతి ట్రిప్పుకు లైను కట్టి ఉంటారు. బజర్ మోగిందని ట్రిప్పు ఆపే ధైర్యం నెల జీతగాడికి ఎక్కడిది? పైగా నీళ్ల మీద ఆపడం ట్రాక్టర్ ఆపినంత తేలిక కాదు. ఇంజన్ ఆగిన బోటు చుక్కాని మాట వినదు. గాలి ఎటు తోస్తే అటు, ప్రవాహం ఎటు లాగితే అటు పోతుంది. బండలు ఎంత దూరంలో ఉన్నాయి, లంగరు అందుతుందా, నెమ్మదిగా ఒడ్డుకు చేరగలమా అని సరంగు అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఇంజన్ పోతే పోనీ, మనుషులు దక్కాలి అని నడిపించాల్సిన సమయమూ వస్తుంది. ఆ నిర్ణయం అతనిదే. అయితే ఆలోచించుకునే వ్యవధి అతనికి ఇచ్చేది ఆ బజర్ ఒక్కటే. తీగ కోసినవాడు ఆ వ్యవధినే కోశాడు.

2017 నవంబర్‌లో కృష్ణ మీద ఫెర్రీ ఘాట్ దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట మునిగి 50 మంది దాకా పోయారు. ఆ ప్రమాదాలకూ బజర్‌కూ నేను ముడిపెట్టను. అలాంటివి జరిగినప్పుడల్లా లైఫ్ జాకెట్ల గురించి, ఎక్కించిన మంది గురించి, అనుమతి కాగితాల గురించి అడుగుతాం. అడగాల్సినవే. మన మాట ఇంజన్ గది దాకా పోవడం మాత్రం నేను పెద్దగా వినలేదు. 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి 2021లో ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు. యంత్రంతో నడిచే బోట్ల సర్వే, రిజిస్ట్రేషన్ దాని కిందికే వస్తాయి. ఆ సర్వేకు వచ్చే అధికారులను నేను కోరేది చిన్న పని. తాళం తిప్పి బజర్ వినండి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ స్విచ్ తీగ పీకి ఇంజన్ ఇనుముకు తాకించండి. తర్వాత వేడి స్విచ్ తీగ. ఒంటి తీగ స్విచ్‌లున్న ఇంజన్లలో రెండుసార్లూ బజర్ మోగాలి. వేడి స్విచ్ మీదే అనుమానం ఉంటే విప్పి మరిగే నీళ్లలో ముంచి టెస్ట్ ల్యాంప్ పెట్టండి. పెద్ద మిషన్లేవీ అక్కర్లేదు, మా షెడ్డులో కుర్రాళ్లు రోజూ చేసే పనే.

దాంతో పాటు ప్రతి లాంచీలో ఒక పుస్తకం ఉండాలి. బజర్ ఎప్పుడు మోగింది, ఏం దొరికింది, ఏం చేశారు అని సరంగు అందులో రాయాలి. బజర్ విని ట్రిప్పు ఆపిన సరంగు జీతంలో కోత పెట్టకూడదని యాజమాన్యం రాతపూర్వకంగా ఇవ్వాలి. మెకానిక్ కాంట్రాక్టుల్లో వెతికిన గంటలకు కూలి వేరుగా రాయాలి. ప్యాసింజర్లు భయపడతారంటే, బజర్‌ను డెక్కు మీద కాకుండా సరంగు చెవి పక్కన పెట్టుకోండి. తీసేయడానికి అది సాకు కాదు.

కార్తీకం వస్తే నాగార్జునకొండకు జనం తోసుకొస్తారు. ఓనర్లూ, మెకానిక్ వచ్చేదాకా ఆగకండి. పొద్దున మొదటి ట్రిప్పుకు ముందు మీ చేత్తోనే తాళం తిప్పి వినండి. మోగకపోతే ఆ రోజుకు టికెట్లు అమ్మకండి.